వంటపాత్రల ఎంపిక – కుటుంబ ఆరోగ్యము

మనము తిను ఆహారము శుభ్రముగా ఉండవలెనని అందరమును కోరుదుము. బియ్యములోని రాళ్ళు ఏరుదుము, కూరగాయలను కడుగుదుము, త్రాగు నీటిని కాచి వడకట్టుదుము. కాని ఆ బియ్యము ఉడుకు గిన్నె దేనితో చేయబడినది, ఆ పులుసు మరుగు పాత్రలోని లోహము కొంతయైనను మన విస్తరిలోనికి వచ్చుచున్నదా అని ఆలోచించువారు తక్కువ. పాత్రను తోమి తళతళలాడించిన మాత్రమున అది శుభ్రమైనదని చెప్పుటకు వీలులేదు. మసి, జిడ్డు కంటికి కనబడును, తోమిన పోవును. పాత్రనుండి ఆహారములోనికి కరగి వచ్చు లోహము కంటికి కనబడదు. ఒక్కొకప్పుడు దానికి రుచియు ఉండదు, వాసనయు ఉండదు.

ఒక పాత్ర కొన్నచో పది ఇరువది సంవత్సరములు వాడుట మన ఇండ్లలో పరిపాటి. అది మంచిదైనచో అన్ని యేండ్లును మేలు చేయును. చెడ్డదైనచో కీడు కూడ దినదినము కొంచెము కొంచెముగా, అన్ని యేండ్లును జరుగును. ఆ కీడు ఇంటిలోని పెద్దలకంటె పసిపిల్లలకును గర్భిణీ స్త్రీలకును ఎక్కువగా తగులును. కావున ఏ పాత్ర ఏ వంటకు తగినది, ఏది తగనిది అను జ్ఞానము ప్రతి గృహమునకును అవసరము. ఈ జ్ఞానము కష్టమైనది కాదు. దీనికి పెద్ద ఖర్చును అక్కరలేదు.

పాత్రలోని లోహము ఆహారములోనికి ఎట్లు వచ్చును?

ఇందుకు ముఖ్యముగా మూడు కారణములు కలవు. మొదటిది పులుపు. చింతపండులో టార్టారిక్ ఆమ్లము, నిమ్మకాయలో సిట్రిక్ ఆమ్లము, పెరుగు మజ్జిగలలో లాక్టిక్ ఆమ్లము ఉన్నవి. ఆమ్లములకు లోహములను కరగించు గుణము కలదు. చింతపండుతో తోమగానే నల్లబడిన రాగిచెంబు ఎఱ్ఱగా మెరయుట మన మెరుగుదుము. చెంబును మెరపించు ఆ పులుపే పులుసుగా అదే పాత్రలో మరుగునప్పుడు దాని లోహమును కొంత కరగించి తనలో కలుపుకొనును.

రెండవది వేడి. చల్లని పదార్థముకంటె మరుగుచున్న పదార్థము లోహమును త్వరగా కరగించును. మూడవది కాలము. పావుగంట వండి దించిన కూరలోనికంటె, వండిన పాత్రలోనే తెల్లవారువరకు ఉంచిన కూరలోనికి ఎక్కువ లోహము చేరును. ఉప్పు కూడ ఈ పనికి తోడ్పడును.

ఈ పులుపు, వేడి, కాలము అను మూడింటిని జ్ఞాపకముంచుకొనినచో ముందు చెప్పబోవు విషయములన్నియు సులభముగా బోధపడును. ఏ పాత్రను గూర్చియైనను, ఇందులో పుల్లని వస్తువు వేడిగా ఎంతసేపు నిలువయుండును అని ప్రశ్నించుకొనవలెను.

రాగి, ఇత్తడి, కంచు

రాగి, తగరము కలిపిన కంచు అగును. రాగి, యశదము కలిపిన ఇత్తడి అగును. మొరాదాబాదు, కుంభకోణము మొదలుకొని శ్రీకాకుళము జిల్లాలోని బుడితి వరకు ఈ లోహములతో పాత్రలు చేయు పనివారు మన దేశమున తరతరములుగా ఉన్నారు. పెండ్లికి ఇత్తడి బిందె పెట్టని ఇల్లు ఒకప్పుడు అరుదు.

రాగి మన శరీరమునకు స్వల్పముగా అవసరమైన ఖనిజమే. అయితే మితిమీరినచో కడుపులో వికారము, వాంతులు, విరేచనములు కలుగును. దీర్ఘకాలము అధికముగా చేరినచో కాలేయము చెడును. పసిపిల్లల విషయమున ఇది ఎంత ప్రమాదకరమో మన దేశ చరిత్రయే తెలుపుచున్నది. 20వ శతాబ్దమున మన దేశమున పసిపిల్లలకు కాలేయము గట్టిపడు ఒక వ్యాధి విస్తారముగా ఉండెడిది. పొట్ట ఉబ్బి, కామెర్లు కనబడి, రెండు మూడేండ్లు నిండకముందే అనేకులు మరణించెడివారు. ఒకే తల్లి బిడ్డలు ఒకరి వెనుక ఒకరు ఈ వ్యాధికి బలియైన కుటుంబములు కలవు. ఆ పిల్లల కాలేయములలో రాగి అత్యధికముగా పేరుకొనియున్నట్లు వైద్యులు కనుగొనిరి. ఆ రాగి ఎక్కడనుండి వచ్చినదని పూణె ప్రాంతమున పరిశోధించి, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువయుంచిన పశువుల పాలను శిశువులకు చిన్నవయస్సుననే పట్టుటకును ఈ వ్యాధికిని సంబంధమున్నదని 1983లో వైద్యులు ప్రకటించిరి. పాలు వేడిగా ఇత్తడిని తాకినప్పుడు రాగి పాలలోని మాంసకృత్తులను అంటుకొని బిడ్డ కడుపులోనికి పోవును. ఇండ్లలో పాలకు ఇత్తడి పాత్రలు పోయి స్టీలు, అల్యూమినియము పాత్రలు వచ్చిన తరువాత ఈ వ్యాధి మిక్కిలి అరుదైపోయినది. ఒక గిన్నె మార్చుటవలన పసిప్రాణములు నిలుచుటకు ఇంతకంటె వేరు నిదర్శనము అక్కరలేదు.

కావున కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పాలు కాచరాదు, పెరుగు తోడువేయరాదు, పులుసు వండరాదు. ఊరగాయలను వానిలో ఉంచరాదు. నిమ్మరసము కలిపిన నీరు పోయరాదు. ఇట్టి పాత్రలలోని ఆహారము మనుష్యులు తినుటకు తగనిదని 1955 నాటి ఆహార కల్తీ నివారణ నిబంధనలలోనే పేర్కొనబడినది. రాగి బిందెలో మంచినీరు నిలువయుంచు ఆచారమును గూర్చి పలువురు అడుగుదురు. శుభ్రముగా తోమిన రాగిపాత్రలో ఒక రాత్రి ఉంచిన మామూలు మంచినీటిని పెద్దలు త్రాగినచో సాధారణముగా హాని లేదు. కాని అదే నీటితో పసిబిడ్డలకు పాలు కలుపరాదు.

కంచులో రాగియే ఎక్కువ పాలు. భోజనము చేయుటకు కంచుకంచమును వాడవచ్చును. అందులో పుల్లని వస్తువులను నిలువయుంచరాదు.

కళాయి పూత

ఇత్తడి పాత్రలను పారవేయనక్కరలేదు. వాని లోపల కళాయి పూత చెడకుండ ఉన్నంతకాలము అవి వంటకు పనికివచ్చును. కళాయి అనగా తగరపు పూత. పనివాడు పాత్రను శుభ్రముగా తోమి, కొలిమిపై వేడిచేసి, నవాసారము చల్లి, తగరపు కడ్డీని తాకించి, కరగిన తగరమును దూదితో పాత్ర లోపల అంతటను రుద్దును. తగరము పులుపునకు ఇత్తడివలె త్వరగా కరగదు. అది ఇత్తడికిని ఆహారమునకును మధ్య తెరవలె నిలుచును.

ఇందులో రెండు జాగ్రత్తలు కలవు. ఒకటి, తగరము 232 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగును. నీరు, పప్పు, పులుసు ఉన్నంతవరకు పాత్ర అంత వేడెక్కదు. కాని కళాయి పాత్రను ఖాళీగా పొయ్యిమీద పెట్టినను, నూనె మరుగబెట్టి తాలింపు వేసినను పూత కరగి చెదరును. కావున తాలింపును వేరుగా ఇనుప గరిటెలో వేసి కలుపవలెను. లోపల ఎఱ్ఱగానో పచ్చగానో లోహము కనబడగానే తిరిగి కళాయి వేయించవలెను.

రెండవది మిక్కిలి ముఖ్యమైనది. తగరము ఖరీదైనది, సీసము చవుక. కొందరు పనివారు తగరములో సీసము కలుపుదురు. ఆ పూత పైకి మామూలు కళాయివలెనే మెరయును. అట్టి కళాయికంటె కళాయి లేకుండుటయే నయమని చెప్పవచ్చును. శుద్ధమైన తగరపు కడ్డీని వంచినచో చిటచిటమను సన్నని శబ్దము వినబడును. సీసమునకు ఆ శబ్దము లేదు. సీసమును తెల్లకాగితముపై గీసినచో బూడిదరంగు గీత పడును. ఈ పరీక్షలు కొంతవరకే ఉపయోగించును. స్వల్పముగా కలిసిన సీసము వీనికి పట్టుబడదు. కావున నమ్మకమైన పనివానిచేత, శుద్ధమైన తగరమును మనమే కొనియిచ్చి, మన యెదుటనే కళాయి వేయించుకొనుట మంచిది.

తమిళదేశమున రసము కాచుటకు తగరపు చెంబులను వాడు అలవాటు కలదు. వానిని ఈయచెంబులందురు. శుద్ధమైన తగరముతో చేసినవైనచో దోషము లేదు. కాని సీసము కలిసిన చెంబులో పుల్లని రసము మరుగుటకంటె సీసమును కడుపులోనికి పంపు సులభమార్గము వేరొకటి లేదు. పరీక్షించి ధ్రువపరచిన తగరపు పాత్రను మాత్రమే కొనవలెను.

సీసము చేయు కీడు

సీసమునకు మన శరీరములో చేయదగిన మంచిపని ఒక్కటియు లేదు. ఇంతవరకు పరవాలేదు అని చెప్పదగిన పరిమితి దీనికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కడుపులోనికి పోయిన సీసమును పెద్దల శరీరముకంటె పిల్లల శరీరము 4, 5 రెట్లు ఎక్కువగా గ్రహించును. సున్నము, ఇనుము చాలినంత లేని ఆహారము తిను పిల్లల శరీరము మరింత గ్రహించును. అనగా పోషకాహారము లేని పేదబిడ్డకే ఈ విషము అధికముగా ఎక్కును.

అది రక్తములో కలిసి మెదడునకు చేరి, ఎదుగుచున్న బుద్ధిని మందగింపజేయును. బిడ్డకు చదువు అబ్బదు, ఒక పనిపై మనస్సు నిలువదు. తల్లిదండ్రులు బిడ్డను మందబుద్ధియని నిందింతురేకాని కారణము వంటయింటిలో ఉండవచ్చునని ఎరుగరు. మెదడునకు కలిగిన ఈ నష్టము తిరిగి పూడదు. పెద్దలలో సీసము రక్తపుపోటును పెంచును, మూత్రపిండములను చెరచును. అది ఎముకలలో అనేక సంవత్సరములు నిలువయుండి, స్త్రీ గర్భవతియైనప్పుడు ఎముకలనుండి వెలువడి గర్భస్థశిశువునకు చేరును. ప్రపంచమున సుమారు 80 కోట్ల మంది పిల్లల రక్తములో సీసము హెచ్చుగా ఉన్నదని, అనగా ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరు ఇట్టివారని, 2020లో యూనిసెఫ్ ఒక నివేదికలో అంచనా వేసినది. దీనికి కారణములు పెక్కు. వానిలో వంటపాత్రలు ఒకటి.

అల్యూమినియము

వాడుకలో సత్తుగిన్నెలనబడు అల్యూమినియము పాత్రలు తేలికయైనవి, చవుకైనవి, త్వరగా వేడెక్కునవి. అందుచేతనే బీదలయింటికిని, విద్యార్థుల వసతిగృహములకును, పెండ్లి వంటలకును ఇవి ఎక్కువగా వచ్చినవి.

అల్యూమినియముపై గాలి తగులగానే సన్నని ఒక పొర ఏర్పడి దానిని కాపాడును. పులుపును, వంటసోడావంటి క్షారమును ఆ పొరను కరగించును. ఆహారముతో లోపలికి పోయిన అల్యూమినియములో బహు స్వల్పభాగమే రక్తములో కలియును. ఆ భాగమును కూడ ఆరోగ్యవంతుల మూత్రపిండములు బయటికి పంపును. మూత్రపిండముల వ్యాధి గలవారికి మాత్రము ఈ లోహము ఒంటిలో పేరుకొనును. వారు వైద్యుని సలహాననుసరించి దీనిని మానుట మంచిది. ఆహారముద్వారా చేరు అల్యూమినియము వారమునకు ప్రతి కిలోగ్రాము శరీరపు బరువునకు 2 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ నిపుణుల సంఘము 2011లో నిర్ణయించినది. అల్యూమినియము పాత్రలవలన ముసలితనమున మతిమరపు వ్యాధి వచ్చునను మాట జనములో వ్యాపించియున్నది. అది రుజువైన విషయము కాదు, దానికై భయపడనక్కరలేదు.

భయపడవలసినది వేరొకటి కలదు. చిన్న చిన్న కొలుములలో పాత యంత్రభాగములు, తీగెలు, డబ్బాలు మొదలైన తుక్కును కరగించి పోతపోసిన పాత్రలు సంతలలో తూకమునకు అమ్మబడుచున్నవి. ఆ తుక్కులో సీసము కలిసియుండుట కలదు. అభివృద్ధి చెందుచున్న 10 దేశములనుండి తెచ్చిన 42 అల్యూమినియము పాత్రలలో పలుచని ఆమ్లమును మరిగించి పరిశీలింపగా, వానిలో మూడవ వంతుకు పైగా పాత్రలు గమనింపదగినంత సీసమును విడిచినట్లు 2017లో ప్రకటింపబడినది. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ పాలనాసంస్థ, విదేశములనుండి దిగుమతియైన కొన్ని అల్యూమినియము, ఇత్తడి పాత్రలును, హిండాలియము, ఇండాలియము అను పేర్లతో అమ్మబడు కొన్ని మిశ్రలోహపు పాత్రలును ఆహారములోనికి సీసమును విడుచుచున్నవని ప్రజలను హెచ్చరించినది. ఆ పేరుగల పాత్రలన్నియు చెడ్డవని దీని అర్థము కాదు. అయితే విదేశమునకు వెడలు పిల్లలకు మమతతో ఇక్కడినుండి పాత్రలు కట్టియిచ్చు తల్లిదండ్రులు ఈ విషయమును తెలిసికొనియుండవలెను.

అల్యూమినియము వాడువారు ఈ నియమములు పాటించవలెను. అన్నము వండుటకు, నీరు కాచుటకు, పప్పు ఉడికించుటకు దానిని వాడవచ్చును. చింతపండు, టమాటా, మామిడికాయ, గోంగూరలతో చేయువానిని అందులో వండరాదు. ప్రెషర్ కుక్కరులో పప్పును ముందుగా ఉత్తదిగా ఉడికించి, తరువాత స్టీలు గిన్నెలోనికి మార్చి పులుపు కలుపవలెను. పులుపు ముందే వేసిన పప్పు త్వరగా ఉడుకదన్న సంగతి గృహిణు లెరిగినదే. కావున ఈ పద్ధతివలన వంటచెరకును కలిసివచ్చును. లోపల గుంటలుపడి నల్లబడిన పాత్రను మానవలెను. విద్యుత్ప్రక్రియచే పై పొరను దళసరిగా గట్టిపరచిన అల్యూమినియము పాత్రలు మామూలువానికంటె మేలైనవి. ఆ పొర గీసుకొనిపోవువరకే ఆ మేలు.

ఇనుము

పెనము, మూకుడు, బాండలి మన వంటయింటికి పాతచుట్టములు. ఇనుప పాత్రలో వండిన ఆహారములోనికి కూడ లోహము కరగి వచ్చును. అయితే ఇక్కడ వచ్చునది ఇనుము; అది రక్తమునకు కావలసిన వస్తువు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణ ప్రకారము మన దేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో బాధపడుచున్నారు. అట్టి దేశమున ఇనుప మూకుడు విడువదగిన వస్తువు కాదు. అయినను ఇనుప పాత్ర మందునకు బదులు కాజాలదు. గర్భిణులు ఆరోగ్యకేంద్రమున ఇచ్చు ఇనుము మాత్రలను తప్పక తీసికొనవలెను. తలసీమియావంటి వ్యాధివలన శరీరమున ఇనుము పేరుకొనువారు మాత్రము ఇనుప పాత్రలను మానవలెను.

వండిన కూరను, ముఖ్యముగా పుల్లని కూరను, ఇనుప మూకుడులో నిలువయుంచరాదు. నల్లబడి లోహపు రుచి వచ్చును. క్రొత్త ఇనుప పాత్రను బాగుగా కడిగి, కొన్ని దినములు గంజి కాచి, నూనె పట్టించి వాడుకలోనికి తీసికొనవలెను. కడిగిన వెంటనే తుడిచి, కొంచెము నూనె రాచి ఉంచినచో త్రుప్పు పట్టదు.

గాల్వనైజు చేసిన బకెట్లను ఇక్కడ ప్రత్యేకముగా పేర్కొనవలెను. ఇవి ఇనుముపై యశదపు పూత గలవి. నీరు మోయుటకు చేయబడినవి. విందులలో మజ్జిగ, నిమ్మరసపు పానకము, పులిహోర వీనిలో కలుపుట కలదు. పులుపు యశదమును కరగించును. అది త్రాగినవారికి వాంతులు పట్టుకొనును. ఇట్టి బకెట్లలో ఆహారము ఎన్నడును ఉంచరాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు

ఇనుములో క్రోమియము కలిపిన స్టీలు త్రుప్పు పట్టదు. దాని ఉపరితలమున కంటికి కనబడని గట్టి పొర ఏర్పడి, గీత పడినను తిరిగి తానే పూడుకొనును. మంచి రకములో నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 మొదలు 10 పాళ్ళు నికెలు ఉండును. పులుసు, సాంబారు, పెరుగు, పాలు అన్నిటికిని ఇది తగినది. సామాన్యగృహమునకు నిత్యోపయోగమునకు స్టీలు నమ్మదగినది.

కొందరు వర్తకులు అయస్కాంతము అంటనిదే మంచి స్టీలని చెప్పుదురు. ఇది పూర్తిగా నిజము కాదు. నికెలు తగ్గించి మాంగనీసు చేర్చిన చవుకరకమునకును అయస్కాంతము అంటదు. అయస్కాంతము అంటు స్టీలులోను పాత్రలకు తగిన రకములు కలవు. గుర్తును, రకమును తెలుపు ముద్రను చూచి కొనుటయే మార్గము. చల్లని నీటిలో ఉప్పు వేసి కదపక ఉంచినచో అడుగున సన్నని గుంటలు పడును. నీరు మరిగిన తరువాతనే ఉప్పు వేయవలెను. నికెలు సరిపడక చర్మవ్యాధి కలుగువారు స్టీలులో పులుపును ఎక్కువసేపు మరిగించుట మానవలెను.

మట్టి, రాయి, పింగాణి

కుండ, దాక, చట్టి, అటిక అను పేర్లతో మన పెద్దలు వాడిన మట్టిపాత్రలు, పైపూత లేనివైనచో, చాల మేలైనవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో మట్టిపాత్రలను మెచ్చుకొనుటయే కాక, పచ్చళ్ళు, సాంబారువంటి పుల్లని వేడి పదార్థములను అల్యూమినియము, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో నిలువచేయరాదని హెచ్చరించినది. క్రొత్త కుండను ఒక దినము నీటిలో నానవేసి, తరువాత వాడవలెను. మట్టికి సూక్ష్మరంధ్రములుండుటచే సబ్బు అందులోనికి ఇంకును. వేడినీటితోను కొబ్బరిపీచుతోను కడిగి ఎండబెట్టవలెను. అందమునకై రంగు పూసిన కుండలను వంటకు వాడరాదు.

పులుసు కాచు రాచ్చిప్పలు కూడ మంచివే. క్రొత్తదానిని గంజితో సన్ననిసెగపై మెల్లమెల్లగా అలవాటు చేయవలెను; లేనిచో పగులును.

మెరుగుపూత గల మట్టిపాత్రల విషయమున జాగ్రత్త అవసరము. తక్కువ వేడిలో కాల్చి, తళుకునకై సీసము కలిపిన మెరుగు పూసిన పాత్రలు కలవు. ఎఱుపు, నారింజ, పసుపు రంగులు మెరయుచు అలంకారమునకై చేయబడిన పాత్రలలో ఊరగాయగాని పెరుగుగాని పెట్టరాదు. హెచ్చువేడిలో కాల్చిన గట్టి ఊరగాయ జాడీలు మంచివి. ఎనామెలు పూత గల పాత్రలలో పూత పెచ్చులూడి త్రుప్పు కనబడినదానిని వెంటనే మానవలెను. గాజుపాత్రలు ఊరగాయలకును, మిగిలిన కూరలను దాచుటకును శ్రేష్ఠములు.

నాన్‌స్టిక్ పెనములు

ఆహారము అంటుకొనకుండ వీనిపై ఒక ప్లాస్టిక్‌జాతి పూత ఉండును. టెఫ్లాన్ అను వ్యాపారనామముతో ఇది ప్రసిద్ధము; మూలపదార్థము 1938లో కనుగొనబడినది. ఈ పూత తయారీలో పూర్వము వాడిన పి.ఎఫ్.ఓ.ఎ. అను రసాయనము ప్రకృతిలో నశింపక నిలిచిపోవును. దీనిని నిర్మూలింపదగిన పదార్థముల పట్టికలో 2019లో స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒడంబడికయందు చేర్చిరి. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా వర్గీకరించినది. పెద్ద తయారీదారులు చాలవరకు ఈ రసాయనమును మానిరి.

చెదరని పూత గల పెనముపై సన్ననిసెగన వండుటవలన పెద్ద ప్రమాదము లేదు. పూతను అతిగా వేడిచేయుట ప్రమాదము. 170 డిగ్రీలకు మించి వేడిచేయరాదని పైన చెప్పిన పోషకాహార సంస్థ సూచించినది. ఖాళీ పెనమును పెద్దమంటపై పెట్టి మరచినచో కొలది నిమిషములలోనే అది ఇంతకంటె ఎక్కువ వేడెక్కును. మితిమీరి కాలిన పూతనుండి వెలువడు పొగ పీల్చినవారికి చలిజ్వరమువంటి బాధ కలుగును. ఇంటిలోని పెంపుడు చిలుకలు చనిపోవును. కావున అట్లకు, రొట్టెలకు ఇనుప పెనమే మేలు. నాన్‌స్టిక్ వాడువారు చెక్క గరిటెనే ఉపయోగించి, సన్ననిసెగన వండి, గీతలు పడి పూత లేచిన దినమే ఆ పాత్రను విడువవలెను.

ప్లాస్టిక్, కాగితము

వేడి సాంబారును పలుచని ప్లాస్టిక్ సంచిలో కట్టించుకొని వచ్చుట పట్టణములలో సాధారణమైనది. వేడియు నూనెయు ప్లాస్టిక్‌లోని రసాయనములను బయటికి లాగును. స్టీలు క్యారియరు తీసికొనిపోవుట ఉత్తమము. మెలమైన్ పళ్ళెములు చల్లని పదార్థములకు మాత్రమే తగినవి; వేడి పుల్లని వస్తువులను వానిలో వడ్డించరాదు, మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టరాదు. పసిపిల్లల పాలసీసాలలో బి.పి.ఎ. అను రసాయనము ఉండరాదని భారతీయ ప్రమాణములు 2015లో నిషేధించినవి. బజ్జీలు, గారెలు వార్తాపత్రికలలో చుట్టి ఇచ్చుట కూడ తగదు. అచ్చుసిరా నూనెకు కరగి ఆహారమునంటును. దీనిని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018 నిబంధనలలో నిషేధించినది.

కొనునప్పుడు గమనించవలసినవి

పాత్ర కొనునప్పుడు తళుకును, బరువును మాత్రమే చూడరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారుచేసినవారి పేరు, లోహపు రకము పాత్రపై ముద్రింపబడియున్నవో లేదో చూడవలెను. స్టీలు వంటపాత్రలకు ఐ.ఎస్. 14756, అల్యూమినియము పాత్రలకు ఐ.ఎస్. 1660, ఇంటి ప్రెషర్ కుక్కరులకు ఐ.ఎస్. 2347 అను ప్రమాణములు కలవు. కుక్కరుల విషయమున 2020లోను, స్టీలు, అల్యూమినియము పాత్రల విషయమున 2024 మార్చిలోను కేంద్రప్రభుత్వము నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులను ప్రకటించినది. పేరు, గుర్తు లేక తూకమునకు అమ్మబడు పోతపాత్రను ధర తక్కువయని కొనుట తెలివి కాదు. రసీదు తప్పక తీసికొనవలెను.

ఏ పాత్రను ముందుగా మార్చవలెను?

ఒక్కసారిగా వంటయింటిలోని పాత్రలన్నియు మార్చుట సామాన్యకుటుంబమునకు సాధ్యము కాదు. అవసరమును కాదు. క్రమముగా చేయవచ్చును. మొదట పసిపిల్లల పాలు కాచు గిన్నెను చూడవలెను. అది కళాయి లేని ఇత్తడిగాని, గుర్తు తెలియని పోతపాత్రగాని అయినచో ఆ దినమే మార్చవలెను. రెండవది పులుసు, సాంబారు కాచు పాత్ర; ఇది స్టీలు, మట్టి లేక రాయి కావలెను. మూడవది పెరుగు, ఊరగాయ, మిగిలిన కూర నిలువయుంచు పాత్రలు. వీనికి స్టీలు, గాజు, జాడీ చాలును. ఈ మూడు పనులకు రెండు మూడు స్టీలు గిన్నెలు, ఒక మట్టిచట్టి, ఒక జాడీ ఉన్నచో ప్రమాదములో అధికభాగము తొలగును. అన్నము వండు గిన్నె, నీళ్ళు కాచు పాత్ర తరువాత నిదానముగా మార్చుకొనవచ్చును.

క్రొత్త పాత్ర కొనుటకు శక్తి లేనివారు కూడ ఒక మంచి అలవాటు చేసికొనవచ్చును. వండిన పదార్థమును వెంటనే వేరొక మంచి పాత్రలోనికి మార్చుటవలన కాలము అను కారణము తొలగిపోవును. దీనికి ఖర్చు లేదు.

ముఖ్య సూత్రములు

1. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పాలు కాచవద్దు.
2. కళాయికి శుద్ధమైన తగరమునే వాడించండి. సీసము కలిసిన కళాయి విషము.
3. పులుపును అల్యూమినియములో వండవద్దు, ఇనుములో నిలువయుంచవద్దు.
4. మజ్జిగను, పానకమును గాల్వనైజు బకెట్లలో కలుపవద్దు.
5. పూత గీచుకొనిపోయిన నాన్‌స్టిక్ పెనమును, పెచ్చులూడిన ఎనామెలు గిన్నెను విడువండి.
6. వేడి ఆహారమును ప్లాస్టిక్ సంచిలోగాని, అచ్చుకాగితములోగాని కట్టవద్దు.
7. గుర్తు, పేరు లేని పాత్రను కొనవద్దు.
8. బిడ్డకు కారణము తెలియని రక్తహీనత, కడుపునొప్పి, చదువులో వెనుకబాటు ఉన్నచో, ఇంటిలో వాడు పాత్రలను గూర్చి కూడ వైద్యునికి చెప్పండి. రక్తపరీక్షవలన సీసము ఉన్నదీ లేనిదీ తెలియును.

ఇంటిలో వంట చేయువారు స్త్రీలైనను పురుషులైనను, పాత్ర కొనువారు పెద్దలైనను పిన్నలైనను, ఈ విషయములను అందరును తెలిసికొని పదిమందికి తెలుపవలెను. చదువురాని పొరుగువారికి చదివి వినిపించవలెను. పండుగకు పాత్ర కొనబోవునప్పుడు ఒక్కసారి ఆలోచించినచో చాలును. దాని ఫలము ఇంటిలోని పిల్లలు ఏండ్ల తరబడి అనుభవింతురు.